పళ్ళెం తిరగేసి చూసే ఊరు

మన ఇళ్ళలో సామాను మీద పేరు ఉందంటే అది కొన్నవాళ్ళదో, కానుకగా ఇచ్చినవాళ్ళదో అయి ఉంటుంది. స్టీలు సామాన్ల కొట్లో నాలుగు గ్లాసులు కొన్నా సరే, "పేరేం వెయ్యమంటారండీ?" అని అడిగి, చిన్న మిషనుతో గుర్రుమనిపిస్తూ ఇంటిపేరుతో సహా చుక్కలు చుక్కలుగా చెక్కి ఇస్తారు. పెళ్ళికి వచ్చిన బిందె మీద మేనత్త పేరు పాతికేళ్ళ తరవాత కూడా చెక్కు చెదరదు. చేసినవాడి పేరు మాత్రం ఎవరూ అడగరు. కుండ సంగతి సరేసరి. ఊరికి ఒకటో రెండో కుమ్మరి ఇళ్ళు. కుండ కారితే ఎవరి గుమ్మం ముందు నిలబడి దెబ్బలాడాలో అందరికీ తెలుసు. ఇక ముద్ర దేనికి?

చేసినవాడికీ కొన్నవాడికీ మధ్య దూరం పెరిగినప్పుడే ముద్ర అవసరం పుడుతుంది. ఆ దూరాన్ని రెండున్నర శతాబ్దాల పాటు సముద్రాల అవతలి దాకా పెంచుకుంటూ పోయిన ఊరు ఒకటి మన యూకే తెలుగువాళ్ళకి కూతవేటు దూరంలోనే ఉంది. దాని పేరు స్టోక్-ఆన్-ట్రెంట్. ఎం సిక్స్ మీద మాంచెస్టర్‌కీ బర్మింగ్‌హామ్‌కీ మధ్య తిరిగేవాళ్ళందరం దాని బోర్డు చూస్తాం, చూసి యాక్సిలరేటర్ తొక్కుతాం. ఒక్కసారి పక్కకి తిప్పి చూడండి. సరదాగా ఒక శనివారం వెళ్ళదగ్గ చోటు.

ఇక్కడివాళ్ళకి ఒక అలవాటుంది. ప్రపంచంలో ఏ మూల హోటల్లో కూర్చున్నా, భోజనం వచ్చేలోపు ఖాళీ పళ్ళేన్ని తిరగేసి అడుగున ఏ ముద్ర ఉందో చూస్తారు. తమ ఊరిదైతే ముఖం వెలుగుతుంది, కాకపోతే పెదవి విరుస్తారు. దీనికి వాళ్ళు సరదాగా పెట్టుకున్న పేరు 'టర్నోవర్ క్లబ్'. చందా లేదు, ఎన్నికలు లేవు, ప్రెసిడెంటు పదవికి పోటీ లేదు. మన సంఘాలవాళ్ళం ఈర్ష్య పడాల్సిన క్లబ్బు!

ఆరు ఊళ్ళ నగరం

స్టోక్ ఒక ఊరు కాదు, ఆరు. టన్‌స్టాల్, బర్స్‌లెమ్, హాన్లీ, స్టోక్, ఫెంటన్, లాంగ్టన్. 1910లో ఆరింటినీ కలిపారు, 1925లో నగర హోదా వచ్చింది. ఆర్నాల్డ్ బెనెట్ అనే ఇక్కడి నవలాకారుడు తన కథల్లో వీటిని 'ఐదు ఊళ్ళు' అని రాసి ఫెంటన్‌ని వదిలేశాడు. ఆ ఊరివాళ్ళు ఆ సంగతి ఇంకా మరిచిపోలేదని చెప్పుకుంటారు.

ఇక్కడ కుండల పని ఎందుకు పెరిగిందంటే కాళ్ళ కింద బంకమట్టీ, దాని పక్కనే బొగ్గూ ఉన్నాయి కనక. తెల్లటి సామాను కోసం మేలురకం మట్టి కావలసి వచ్చినప్పుడు దాన్ని డెవన్, కార్న్‌వాల్ నుంచి తెప్పించారు. టన్ను మట్టిని కాల్చడానికి అంతకు ఎన్నో రెట్లు బొగ్గు కావాలి కాబట్టి, మట్టి ఉన్నచోటికి బొగ్గు తీసుకెళ్ళడం కంటే బొగ్గు ఉన్నచోటికి మట్టి తేవడమే చవక. గతుకుల బాటలో గుర్రాల మీద వెళితే కప్పులు పగిలిపోతున్నాయని జొసయా వెడ్జ్‌వుడ్ కాలవ కోసం పట్టుబట్టాడు. 1766లో మొదటి గడ్డపార దెబ్బ ఆయనే వేశాడు. 1777లో ట్రెంట్ అండ్ మెర్సీ కాలవ పూర్తయింది. దాని ఒడ్డున 1769లో ఆయన తెరిచిన ఫ్యాక్టరీ పేరు ఎట్రూరియా. రైలు దిగి స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా ఆయన విగ్రహమే పలకరిస్తుంది, చేతిలో పోర్ట్‌లాండ్ కలశంతో.

ఊరంతా ఒకప్పుడు సీసా ఆకారపు బట్టీలే. వీటిని బాటిల్ అవెన్లు అంటారు. మన కుమ్మరి ఆవానికి పెద్దన్నయ్యలన్న మాట, మూడు నాలుగు అంతస్తుల ఎత్తు. మంచి రోజుల్లో దాదాపు రెండు వేలు ఉండేవి. ఇప్పుడు 47 మిగిలాయి. 1956 నాటి స్వచ్ఛ వాయు చట్టంతో బొగ్గు బట్టీల పని అయిపోయింది. లాంగ్టన్‌లోని గ్లాడ్‌స్టన్ పాటరీ మ్యూజియం వాళ్ళు 1978లో ఆఖరిసారి ఒక బట్టీని బొగ్గుతో కాల్చారు, ఎలా కాల్చేవారో ముందు తరాలకి తెలియాలని. ఆ మ్యూజియంలోని బట్టీ లోపలికి మనం నడిచి వెళ్ళి నిలబడవచ్చు. తల పైకెత్తితే గుండ్రటి ఆకాశం ముక్క కనిపిస్తుంది. సామానుకి మసి తగలకుండా 'సాగర్లు' అనే మట్టి పెట్టెల్లో పెట్టి వరసగా పేర్చేవారు. ఆ పెట్టెల అడుగు భాగానికి మట్టిని బాది చదును చేసే కుర్రాడి ఉద్యోగం పేరు 'సాగర్ మేకర్స్ బాటమ్ నాకర్'. మన ఐటీలో కూడా ఇంత పొడుగు హోదాలు తక్కువే.

ఇక్కడివాళ్ళు ఎవరినైనా 'డక్' అని పిలుస్తారు. టికెట్టు ఇచ్చే పెద్దావిడ మిమ్మల్ని "బాతూ" అంటే కంగారు పడకండి. మన "నాయనా", "అమ్మా" లాంటిదే.

అడుగున ఉన్న లిపి

ఇక అసలు సంగతి. పళ్ళెం అడుగున ఉన్న ముద్రని చదవడం ఒక చిన్న విద్య. కష్టమేమీ కాదు, పిల్లలకి కూడా ఆటలా నేర్పవచ్చు.

మొదట ముద్ర ఎలా పడిందో చూడాలి. వేలితో తడిమితే గుంట తగిలితే అది పచ్చిమట్టి మీద అదిమిన ముద్ర, అంటే కాల్చక ముందే పడింది. నునుపుగా ఉంటే అచ్చువేసిందో, కుంచెతో రాసిందో. గ్లేజు కింద అచ్చు పడితే అది ఫ్యాక్టరీలోనే పడిందని గట్టిగా నమ్మవచ్చు. గ్లేజు పైన ఉంటే తరవాత ఎవరైనా వేసి ఉండవచ్చు, కాస్త అనుమానంగా చూడాలి.

తరవాత మాటలు చూడాలి. 'ఇంగ్లండ్' అన్న ఒక్క మాట ఉంటే ఆ వస్తువు సాధారణంగా 1891 తరవాతిది. దీనికి కారణం ఇంగ్లండు కాదు, అమెరికా. 1890లో అక్కడ వచ్చిన మెకిన్లీ సుంకాల చట్టం దిగుమతి సరుకు మీద ఏ దేశంలో తయారైందో ఇంగ్లీషులో రాయాలంది. 1891 మార్చి నుంచి అది అమల్లోకి వచ్చింది. జపాన్ వాళ్ళు 'నిప్పాన్' అని రాస్తూ వచ్చారు. అది ఇంగ్లీషు మాట కాదని 1921లో అమెరికా కస్టమ్స్ తేల్చేసరికి 'జపాన్' అని మార్చారు. అలా ఒక సుంకం గొడవ మనకి కాలం చెప్పే గడియారమైంది. 'మేడ్ ఇన్ ఇంగ్లండ్' అని పూర్తిగా ఉంటే ఇరవయ్యో శతాబ్దానిదని అనుకోవచ్చు. 'బోన్ చైనా' అని రాసి ఉన్నా అంతే. సింహం, యూనికార్న్‌లతో రాజముద్ర కనిపిస్తే మాత్రం మోసపోకండి. రాజుగారి వంటింటికి ఏ సంబంధమూ లేని కంపెనీలు కూడా అలంకారానికి దాన్ని వేసుకున్నాయి.

నాబోటి కంప్యూటర్ వాళ్ళకి బాగా నచ్చే గుర్తు ఇంకోటుంది. 1842 నుంచి 1883 దాకా బ్రిటన్‌లో ఒక డిజైనుని రిజిస్టరు చేస్తే, దానికి డైమండ్ ఆకారపు ముద్ర ఇచ్చేవారు. నెత్తిన చిన్న గుండ్రంలో రోమన్ అంకె వస్తువు తరగతి చెబుతుంది. లోహానికి ఒకటి, చెక్కకి రెండు, గాజుకి మూడు, మట్టి సామానుకి నాలుగు. డైమండ్ నాలుగు మూలల్లో ఏడాది, నెల, రోజు, దస్తా సంఖ్య. ఏడాదికి ఒక అక్షరం. కానీ వరస క్రమంలో కాదు: 1842కి ఎక్స్, 1843కి హెచ్, 1844కి సి, 1845కి ఎ. పట్టిక చేతిలో ఉంటే తప్ప ఎవరూ ఊహించలేరు.

ఇక్కడే తమాషా. ఇంగ్లీషులో అక్షరాలు ఇరవై ఆరు. 1842 నుంచి లెక్కబెడితే 1867తో సరిగ్గా ఇరవై ఆరూ అయిపోయాయి. అప్పుడేం చేశారు? గడుల స్థానాలు మార్చేశారు. అంతవరకు పై మూలలో ఉన్న ఏడాది అక్షరాన్ని 1868 నుంచి కుడి మూలకి జరిపారు. పై మూలలో రోజు వచ్చింది. కాబట్టి పై మూలలో అక్షరం ఉంటే 1867లోపు, అంకె ఉంటే ఆ తరవాత. వై టూ కే పేరు చెప్పి మనలో ఎంతమంది విమానం ఎక్కామో గుర్తుందా? రెండు అంకెల్లో ఏడాదిని ఇరికిస్తే ఏమవుతుందో నూట ముప్ఫై ఏళ్ళ ముందే ఒక గుమాస్తా గదిలో చూసి, సిస్టమ్ ఆపకుండా సరిచేసుకున్నారన్న మాట. 1884 నుంచి ఈ గొడవంతా వదిలేసి వరస నంబర్లు ఇచ్చారు. ఆ రిజిస్టర్లు ఇప్పుడు లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. డైమండ్ చెప్పేది డిజైను నమోదైన తేదీయే గాని, మీ చేతిలోని పళ్ళెం పుట్టిన తేదీ కాదు.

పుట్టిన తేదీ కావాలంటే వెడ్జ్‌వుడ్ వాళ్ళని చూడాలి. 1860 నుంచి వాళ్ళు సామాను మీద మూడు అక్షరాలు అదిమేవారు. మొదటిది నెల, రెండోది పనివాడి గుర్తు, మూడోది ఏడాది. ఓ అంటే 1860, జెడ్ అంటే 1871, మళ్ళీ ఎ నుంచి మొదలు. అంటే ఎ ఉంటే అది 1872 కావచ్చు, 1898 కావచ్చు. ఎలా తేల్చాలి? పక్కన 'ఇంగ్లండ్' ఉందేమో చూడండి. ఉంటే 1898. అమెరికా కస్టమ్స్ ఇక్కడ కూడా మనకి సాయం చేసింది.

పేరుకున్న విలువ తెలిస్తే నకలు ఊరుకోదు కదా. వెడ్జ్‌వుడ్ స్పెల్లింగులో నడుమ ఒక 'ఇ' చేర్చి అమ్మినవాళ్ళున్నారు. చివర 'అండ్ కో' అని ఉంటే అది వేరే కంపెనీ. జర్మనీలో మైసెన్ వాళ్ళ అడ్డకత్తుల గుర్తుని యూరప్‌లో సగం మంది వాడేసుకున్నారు. చైనాలో కాంగ్‌షీ చక్రవర్తి కాలపు కుమ్మరులు అంతకు రెండు వందల ఏళ్ళ ముందటి చెంగ్‌హువా చక్రవర్తి ముద్ర వేశారు. అందులో మోసంతో పాటు పెద్దలపట్ల గౌరవం కూడా ఉందంటారు. అందుకే అనుభవజ్ఞులు ముద్రని ఆఖరున చూస్తారు. ముందు బరువు, మట్టి రంగు, అడుగు అంచు ఎలా అరిగిందో చూస్తారు. గోత్రం అడిగే ముందు మనిషిని చూసినట్టు.

మన దేశం కూడా ఈ పళ్ళేల మీద ఉంది. 1815 ప్రాంతంలో స్పోడ్ కంపెనీ 'ఇండియన్ స్పోర్టింగ్' అని నీలం బొమ్మల సామాను తీసింది. పులి వేటలు, ఏనుగులు, గుడారాలు. 1807లో లండన్‌లో అచ్చయిన 'ఓరియంటల్ ఫీల్డ్ స్పోర్ట్స్' అనే పుస్తకంలోని బొమ్మలవి. పళ్ళెం వెనక కంపెనీ పేరుతో పాటు ఆ దృశ్యం పేరూ అచ్చువేశారు. మన అడవి బొమ్మ మీద ఇంగ్లీషు వారి మాంసం వడ్డన!

పేరు ఎవరిది, చెయ్యి ఎవరిది

కంపెనీ ముద్ర పక్కన చిన్న చిన్న గీతలు, చుక్కలు, అంకెలు కనిపిస్తాయి. చాలామంది వాటిని పట్టించుకోరు. నాకు మాత్రం అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది. అవి పనివాళ్ళ గుర్తులు. బొమ్మ వేసిన అమ్మాయివి, బంగారు గీత దిద్దినవాడివి, పళ్ళెం తిప్పినవాడివి. పేరు ప్రతిష్ఠల కోసం వేసినవి కావు. కూలీ లెక్క కోసం వేసినవి, ఎన్ని చేస్తే అన్ని డబ్బులు గనక.

ఆ లెక్కలో ఒక ఘోరం ఉండేది. దాని పేరు 'గుడ్ ఫ్రమ్ అవెన్'. అంటే బట్టీలోంచి బాగా బయటపడిన సామానుకే కూలీ. కుమ్మరి తన పని తాను చక్కగా చేసి ఇస్తాడు. బట్టీలో పేర్చేది ఇంకొకరు, మంట చూసేది మరొకరు. మంట ఎక్కువై సామాను వంకరపోతే కూలీ పోయేది మాత్రం కుమ్మరికే. ముద్ర ఉంది కాబట్టి నష్టం ఎవరి ఖాతాలో రాయాలో యజమానికి బాగా తెలిసేది! 1836లో ఈ ఊళ్ళలో జరిగిన పెద్ద సమ్మెలో చేతి నుంచి దిగేటప్పుడే సరుకు లెక్క కట్టాలన్నది ప్రధానమైన కోరిక. సమ్మె ఓడిపోయింది. ఆ పద్ధతి ఆ తరవాత కూడా చాలా ఏళ్ళు సాగింది. గ్లేజులోని సీసం విషమై ఎక్కినవాళ్ళు, చెకుముకి రాతి పొడి ఊపిరితిత్తుల్లో పేరుకున్నవాళ్ళు ఎందరో. ఆ లెక్కకి మాత్రం ఏ పళ్ళెం మీదా గుర్తు లేదు.

1927లో బర్స్‌లెమ్‌లో 'బిజార్' అనే రంగురంగుల సామాను వచ్చింది. అడుగున 'చేతితో రంగులద్దినది, బిజార్, క్లారిస్ క్లిఫ్' అన్న అర్థంతో ఆమె సంతకం ఉంటుంది. ఆ సంతకం అచ్చు. రంగులద్దిన చేతులు ఆవిడ కింద పనిచేసిన పదుల కొద్దీ అమ్మాయిలవి. క్లారిస్ కూడా పదమూడేళ్ళకే ఫ్యాక్టరీ పనిలో చేరి పైకొచ్చిన మనిషే. ఆవిడని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పేరు అనేది ఎప్పుడూ కాస్త పొదుపుగానే పంచబడుతుందని మాత్రం తెలుస్తుంది.

ఈ విషయంలో రెండు వేల ఏళ్ళ నాటి ఇటలీవాళ్ళు కొంత నయం. అరెజ్జోలో నిగనిగలాడే ఎర్రటి పాత్రలు చేసి, లోపలే ముద్ర అదిమేవారు. చాలా ముద్రల్లో యజమాని పేరుతో పాటు పనిచేసిన బానిస పేరు కూడా ఉంటుంది. ఆ పాత్రలు ఎక్కడిదాకా వెళ్ళాయో తెలుసా? మన పుదుచ్చేరి పక్కన అరికమేడు దాకా. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వినప్పుడు ముద్రలతో సహా అరెజ్జో పెంకులు దొరికాయి. ఆ పాత్రలు ఇటలీలో ఎప్పుడు తయారయ్యాయో తెలుసు. కాబట్టి వాటితో పాటు అదే పొరలో దొరికిన మన మట్టి పాత్రల కాలం కూడా తేలింది, క్రీస్తు శకం మొదటి శతాబ్దం ప్రాంతమని. 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరి, చంద్రవల్లిలలో తవ్వినప్పుడు వీలర్‌కి ఇదే కొలబద్ద అయింది. అక్కడ శాతవాహనుల నాటి పొరకి ఆయన పెట్టిన పేరు 'ఆంధ్ర సంస్కృతి'. ఎక్కడి అరెజ్జో, ఎక్కడి ఆంధ్రులు! ఎవరో బానిస పచ్చిమట్టి మీద బొటనవేలంత ముద్ర అదిమితే, అది మన చరిత్రకి తేదీ వేసింది.

పేరు మిగిలి పని పోతే

స్టోక్‌లో ఇప్పుడు తిరుగుతుంటే పొగ లేదు, ఆకాశం శుభ్రంగా ఉంది. దానికి ఊరు చెల్లించిన ధర తక్కువేం కాదు. బర్స్‌లెమ్ నైల్ స్ట్రీట్‌లోని రాయల్ డౌల్టన్ ఫ్యాక్టరీ 2005లో మూతబడింది. 2008లో స్పోడ్ దివాలా తీస్తే 2009లో పోర్ట్‌మెరియన్ వాళ్ళు ఆ పేరు కొన్నారు. 2009 జనవరిలో వెడ్జ్‌వుడ్ కూడా చేతులెత్తేసి తరవాత యజమానులు మారింది. 2019లో డడ్సన్, 2025లో రాయల్ స్టాఫర్డ్. అదే 2025లో మూతబడిన మూర్‌క్రాఫ్ట్‌ని మాత్రం వ్యవస్థాపకుడి మనవడు కొని మళ్ళీ తెరిపించాడు.

పని ఎక్కడికి పోయిందో మనకి చెప్పక్కర్లేదు. ఔట్‌సోర్సింగ్ అనే మాటకి రెండు వైపులా కూర్చున్నవాళ్ళం మనం. ఇక్కడ ఆఫీసులో ఒక టీమ్ ఖాళీ అవుతుంటే, ఆ కుర్చీ హైదరాబాదుకి వెళుతోందని తెలిసినా, పక్కసీటు మనిషికి ఏం చెప్పాలో తోచక కాఫీ తెచ్చిచ్చినవాళ్ళం. కప్పుల పని కూడా అలాగే ఆగ్నేయాసియాకి వెళ్ళింది. పని వెళ్ళడంలో తప్పేమీ లేదు, అక్కడివాళ్ళూ చేతి నైపుణ్యంతో బతికేవాళ్ళే. గొడవ ముద్రతోనే వచ్చింది. బయట తయారైన కొన్ని వస్తువుల అడుగున పాత కంపెనీ పేరు, అది పుట్టిన సంవత్సరం గంభీరంగా ఉంటాయి. ఏ దేశంలో చేశారో మాత్రం ఉండదు. చూసేవాళ్ళు స్టోక్‌దే అనుకుంటారు. అందుకే తయారైన దేశం పేరు అడుగున తప్పనిసరిగా వేయాలని ఇక్కడివాళ్ళు అడుగుతున్నారు. ఒకప్పుడు అమెరికా బలవంతాన రాయించిన మాటని ఇప్పుడు వీళ్ళే కోరుకుంటున్నారు. నన్నడిగితే అక్కడి పనివాడికి కూడా అదే న్యాయం. చేసినది అతనైతే అతని ఊరి పేరే ఉండనీ.

ఈ ఊరు మొండిది కూడా. వెడ్జ్‌వుడ్ కూలినప్పుడు ఉద్యోగుల పింఛను నిధిలో 13 కోట్ల 40 లక్షల పౌన్ల లోటు వచ్చి, చట్టం మెలికవల్ల మ్యూజియం నెత్తిన పడింది. అందులోని సంపదని వేలం వేయవచ్చని 2011లో కోర్టు చెప్పింది. జొసయా స్వయంగా చేసిన ప్రయోగాల మట్టి బిళ్ళలతో సహా అన్నీ చెల్లాచెదురయ్యేవి. 2014లో విరాళాలకి పిలుపిస్తే, 1 కోటి 57 లక్షల 50 వేల పౌన్ల లక్ష్యం నెల తిరక్కుండానే పూర్తయింది. పెద్ద సంస్థలతో పాటు వేలమంది మామూలు మనుషులు ఇచ్చారు. ఆ సంపదని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి అప్పగించారు, కానీ అది ఉండేది మాత్రం ఇక్కడే, ఊరికి దక్షిణాన బార్లాస్టన్‌లో.

వెళ్ళేవాళ్ళకి

లండన్ యూస్టన్ నుంచి రైల్లో గంటన్నర, మాంచెస్టర్ నుంచి ముప్పావుగంట. పొద్దున లాంగ్టన్‌లో గ్లాడ్‌స్టన్ మ్యూజియం చూడండి, పిల్లలకి సారె మీద కుండ తిప్పే సరదా కూడా తీరవచ్చు. మధ్యాహ్నం హాన్లీలోని పాటరీస్ మ్యూజియంలో మట్టి పాత్రల గదులు. ఓపిక ఉంటే బార్లాస్టన్, లేదా కాలవ ఒడ్డున మిడిల్‌పోర్ట్ పాటరీ. 1889 నాటి ఆ ఫ్యాక్టరీ కూలిపోయే దశలో ఉంటే 2011లో ఒక ట్రస్టు కొని, బాగుచేసి 2014లో జనానికి తెరిచింది. తెరిచి ఉండే వేళలు మారుతుంటాయి, బయల్దేరే ముందు కనుక్కోండి.

కాలవ గట్టు మీద నడిచేటప్పుడు కిందికి చూడండి. మట్టిలో తెల్లటి పెంకులు, నీలం పువ్వు సగం ఉన్న ముక్కలు కనిపిస్తాయి. బట్టీలో పగిలిన సామానుని ఇక్కడే గుట్టలుగా పోసేవారు. వాటిలో చాలా ముక్కలకి కంపెనీ ముద్ర ఉండదు. కూలీ కూడా రాని కుండల పెంకులవి. ఒకటి చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పితే, అదృష్టం బాగుంటే, గోటితో గీసినట్టు ఒక చిన్న గీత కనిపించవచ్చు.